సీసా వెంట చీటి

నేను నివసించు అమెరికాలో ఇంట బీరు కాచుకొనుటకు కేంద్రప్రభుత్వపు అనుమతి 1978 నాటి శాసనమువలన లభించినది. అమ్మరాదు, మిత్రులకు పంచవచ్చును. కాచువారు సీసాలు మార్చుకొని, ఒకరిదానిని మరియొకరు రుచిచూచి, గుణదోషములను చీటిపై వ్రాసి యిత్తురు. పానమును పొగడుట నా యుద్దేశము గాదు, చదువరులు శంకింపవలదు. నన్నాకర్షించినది ఆ చీటి.

పోటీలలో పరీక్షకులు వాడు పత్రమున మొత్తము 50 మార్కులు: రుచికి 20, వాసనకు 12, నోటికి తోచు చిక్కదనము మొదలగువానికి 5, మొత్తముమీది యభిప్రాయమునకు 10, కంటి కింపుగా నుండుటకు 3 మాత్రమే. మన పెండ్లిచూపులలో నీ లెక్క తలక్రిందుగా నుండును గదా!

"బాగున్నది" యను మాట మర్యాదయే కాని సహాయము గాదు. వెన్నవాసన వచ్చిన దనుకొందము. పులియుట ముగియు దశలో మరి రెండు మూడు దినములు కొంచెము వెచ్చగా నుంచినచో, ఆ వాసనకు మూలమైన పదార్థమును ఈస్టే తిరిగి గ్రహించును. పచ్చి ఆపిలు వాసన, తొందరపడి సీసాలలో నింపుటవలన రావచ్చును. వెలుతురు సోకిన హాప్సు చేదు స్కంకు జంతువువలె కంపు గొట్టును. గోధుమరంగు సీసా దానికి చాలవఱకు రక్ష. కారణము చెప్పని దోషకథనము వట్టి నిందయే.

తెలుగు మిత్రుడొకడు తన తొలి సీసాను మాకందఱకు పంచెను. తక్కినవారు అమృతమనిరి. నేను వెన్నవాసన సంగతియు, దాని చికిత్సయు వ్రాసితిని. రెండు నెలలు అతడు మా గడప త్రొక్కలేదు. పిమ్మట నొక సాయంకాలము మా వాకిట నొక సీసా యుండెను. చీటి లేదు, వెన్నవాసనయు లేదు.