గొంతు మీద చెయ్యేసి చూడు

తెనాలి దాటాక కాలవ పక్కన ఓ జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ ఇంగ్లిష్ బాగా చెబుతారని పేరున్న ఓ టీచరు పాఠం వినాలని వెళ్లాను. ఏడో తరగతి, రెండో పీరియడు. బల్ల మీద దిద్దాల్సిన నోటుపుస్తకాల దొంతర. పైది తెరిచాను. పద్యంలో నాలుగు స్టాంజాలున్నాయని రాయాల్సిన చోట ఆ పిల్లవాడు 'స్టాంజా' రాసి, పైన చిన్న కొక్కెం పెట్టి, ఎస్ తగిలించాడు. కింది మూడు పుస్తకాల్లోనూ అదే కొక్కెం.

టీచరు ఎర్రసిరా పెన్ను తియ్యలేదు. ఆ మాట బోర్డు మీద రాసి, "ఇటాలియన్ భాషలో స్టాంజా అంటే గది. మీ ఇంట్లో ఎన్నిరా?" అని అడిగారు.

"రెండు గదులు టీచర్!"

"గదిలు అనలేదేం? ఆ ఇ తీసేసి ఉ పెట్టమని నీకెవరు చెప్పారు?"

వాడు తెల్లబోయాడు. ఎవరూ చెప్పలేదు. చెట్టు చెట్లవుతుందనీ, ఇల్లు ఇళ్లవుతుందనీ అమ్మ ఒళ్లోనే చెవికెక్కింది. ఇంగ్లిష్ బహువచనమూ ముందు చెవికే ఎక్కాలని ఆవిడ పట్టు. నాకూ అదే సబబనిపించింది. మన బళ్లలో ఈ పాఠం తరచూ ఎస్, ఈ ఎస్ అన్న అక్షరాల దగ్గరే ఆగిపోతుంది. పలుకు వినకుండానే పిల్లలు పదో తరగతి దాటేస్తారు.

"గొంతు మీద చెయ్యేసి సానెట్ అనండి." చివరి ట్ దగ్గర గొంతు అదరదు. అందుకే రెండైతే సానెట్స్, అచ్చమైన స్. "ఇప్పుడు పోయెమ్." మ్ దగ్గర గొంతు జుమ్మంది. నలభై చేతులు నలభై గొంతుల మీద, గది నిండా తుమ్మెదల రొద. అక్కడ రాసేది ఎస్సే అయినా పలికేది జ్. మన జున్నులోని జకి దగ్గరే గాని, నాలుక పళ్లకు ఆనకూడదు. స్టాంజా అచ్చుతో ముగుస్తుంది కాబట్టి అక్కడా గొంతు మోగుతుంది, స్టాంజాజ్. కొక్కెం దేనికంటే 'యొక్క' అని చెప్పడానికి. లెక్క పెరిగితే దానితో పని లేదు.

ఇక కోరస్. స్ మీద స్ వేస్తే రెండోది వినపడదు. మధ్యలో ఇ దూర్చి కోరసిజ్ అనాలి, రాసేటప్పుడు ఈ ఎస్ చేర్చాలి. వర్స్ స్పెల్లింగులో చివర ఈ ముందే ఉంది కనక ఎస్ చాలు. ఒక్కో పలుకు ముక్కకు ఒక్కో చప్పట కొడుతూ పలికితే మాత్రం ఒక చప్పట మాట రెండు చప్పట్లవుతుంది. ఎలిజీకి వై పోయి ఐ ఈ ఎస్ వస్తుందని బోర్డు మీద రాసి ముందుకెళ్లారు.

వెనక బెంచీ నుంచి ఒకడు, "మా ఇంట్లో షూస్‌లు అంటారు టీచర్, తప్పా?" అన్నాడు. "ఇంగ్లిష్‌లో తప్పు. తెలుగులో షూస్ అన్నది ఒక్క మాటగా కుదురుకుంది, దాని మీద మన లు వచ్చింది" అన్నారావిడ. ఇంటి మాటను చిన్నబుచ్చకుండా చెప్పిన ఆ జవాబు నాకెంతో నచ్చింది.

చివర్లో ఆవిడ కొత్త రకం పద్యాలకు లేని పేర్లు కల్పించారు. "ఒక టిబ్. రెండు?" "టిబ్జ్!" "ఒక గస్. రెండు?" తరగతి నోరు మెదపలేదు. 1958లో అమెరికాలో భాషా పరిశోధకురాలు జీన్ బెర్కో పిల్లలకు ఇలాంటి పరీక్షే పెట్టారు. లేని పిట్టకు వగ్ అని పేరు పెట్టి బొమ్మ చూపిస్తే, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది వగ్జ్ అన్నారు. స్, చ్‌లతో ముగిసే కల్పిత మాటల దగ్గర మాత్రం ఇంగ్లిష్ ఇళ్లలో పుట్టిన ఆ పిల్లలే చాలామంది తడబడ్డారు. టీచరు ఆ సంగతి చెప్పాక మన పిల్లల భుజాలు కాస్త తేలికపడ్డాయి.

మధ్యాహ్నం భోజనాల వరసలో నా వెనక ఇద్దరు ఆడపిల్లలు గొంతు మీద చెయ్యేసుకుని నిలబడ్డారు. "ప్లేట్... ప్లేట్స్. స్పూన్... స్పూన్జ్. గ్లాస్..."

కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత రెండు చప్పట్లు.