మా చిన్నమామ్మ

గోదావరికి ఎర్రనీరు వచ్చినదని పత్రికలలో చదివినప్పుడెల్ల మాకు మా చిన్నమామ్మ జ్ఞప్తికి వచ్చును. ఆమె మా తాతగారి చెల్లెలు. కోనసీమలో గౌతమిగట్టునకు అరమైలు దూరమున నున్న మా పెంకుటింటిలో 1923లో పుట్టి, ఆ యింటిలోనే 2009లో కన్నుమూసినది. అత్తవారిల్లు ఎట్లుండునో ఆమె యెరుగదు.

మా యింటిలోని మగవారందరును పుస్తకములవారు. తాతగారికి పురాణము, నాన్నగారికి బడి. తోట, పశువులు, ఏరు మాత్రము చిన్నమామ్మవి. చెట్టు చేమలలోను, పిట్టలలోను మాకు పేరు తెలిసినవన్నియు ఆమె చూపినవే. మా కొబ్బరితోటలో చెట్లకు ఆమె పేర్లు పెట్టినది. నూతిగట్టున వంగిన చెట్టు 'గూనిది'. ఒకే కుదుట పెరిగిన రెండును 'కవలలు'. ఏటేట విరగకాచి ఒక కాయయు నేలరాల్చనిది 'పెద్దకోడలు'. దింపు తీయువాడు చెట్టెక్కినప్పుడు ఆమె క్రింద నిలిచి, నూరు కాయల కొక వక్క చొప్పున కొంగున ముడివేసుకొనెడిది. వర్తకుని పద్దుపుస్తకమునకును ఆమె కొంగుముడికిని తేడా వచ్చినచో, పుస్తకమే దిద్దుకొనవలసి వచ్చెడిది.

వేసవి సెలవులకు మేనత్తల పిల్లలు వచ్చెడివారు. ఏరు సన్నగిలిన ఆ దినములలో మమ్మందరను వెంటబెట్టుకొని, తెల్లవారకముందే రేవునకు పోయి, నావలో లంకకు దాటించెడిది. చేత తాటిమట్ట పట్టి గడ్డిని తట్టుచు ఆమె ముందు నడిచెడిది. ఆమె అడుగులలో అడుగులు వేయుచు మేము వెనుక పోయెడివారము. జెముడుకాకి కూతయు, చీమలు గ్రుడ్లు మోసికొని గట్టెక్కుటయు, తూనీగలు నేలబారుగా ఎగురుటయు ఆమెకు పంచాంగముకంటె నమ్మదగినవి. ఇసుకలో చెలమ త్రవ్వి నీరూరువరకు కూర్చుండబెట్టెడిది. ఆ నీటి రుచి మరి యే నీటికిని రాలేదని మేము నేటికిని వాదింతుము. మా యింటివారు నవ్వుదురు.

పొద్దెక్కిన వెనుక నేరేడుచెట్టు క్రింద మూట విప్పి, చద్దియన్నము మాగాయతో కలిపి అరటియాకులలో మాకు ముద్దలు పెట్టెడిది. తాను తినెడిది కాదు. పగలొక పూట ఇంటికి వచ్చి తినుట, రాత్రి యింత అటుకులో పండో నోట వేసికొనుట ఆమెకు విధి. "నీకు ఆకలి లేదా?" అని మాలో నొక్కరమును ఏనాడును అడుగలేదు. పెట్టు చేయి మాకు తెలిసినది గాని, ఆ చేతికి నోరొకటి యున్నదని తోచలేదు. ఇట్టి యజ్ఞానము పిల్లలకు సహజమందురు గాని, మా యింటి పెద్దలలో సైతము అడిగినవారు కానరాలేదు.

ఆమెకు వివాహము 1930 మార్చిలో జరిగినది. అప్పటికి ఏడేండ్లు. ఆడపిల్లకు పదునాలుగు, మగపిల్లవానికి పదునెనిమిది యేండ్లు నిండకుండ పెండ్లి చేయరాదను శారదాశాసనము 1929లో వచ్చి, 1930 ఏప్రిల్ 1వ తేదీ మొదలు అమలు కానుండెను. ఆ గడువులోపల దేశమున పెక్కుచోట్ల పసిపిల్లల పెండ్లిండ్లు తొందరతొందరగా జరిపించిరి. బిడ్డలను కాపాడుటకు వచ్చిన చట్టమే మా చిన్నమామ్మ మెడలో తొందరపడి పుస్తె కట్టించినది. మరి రెండేండ్లకు ఆ పిల్లవాడు జ్వరముతో పోయెను. అతని ముఖము తనకు జ్ఞాపకము లేదనియు, పెండ్లినాడు తనకు నిద్ర వచ్చినదనియు ఆమె ఒక్కసారి మా అమ్మతో చెప్పినదట.

మా యూరికి ఎగువన, ఆ గోదావరి యొడ్డుననే రాజమహేంద్రవరములో వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహము జరిపించిరి. దానికి పూర్వమే, పరాశరస్మృతి పునర్వివాహమున కనుమతించినదని ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చూపగా 1856లో శాసనము పుట్టినది. ఆ శ్లోకము మా ముత్తాతగారికి కంఠస్థము. గ్రంథమున నున్నది, చట్టమున నున్నది, యేటి కెగువన ఆచరణయు నున్నది. మా గుమ్మము మాత్రము దాటి రాలేదు. ముత్తాతగారు క్రూరులు కారు. కూతురిని ప్రాణముగా చూచుకొనిరి. "నలుగురు ఏమందురో" అను నొక్క మాటకు జడిసిరి. ఆ నలుగురి పేర్లేవో మా తాతగారిని అడిగితిమి, ఆయన చెప్పలేకపోయిరి.

1986 ఆగష్టు వరద వచ్చునప్పటికి మాకు ఎనిమిదేండ్లు. రేవులో మునిగిన మెట్లను లెక్కించి వచ్చి చిన్నమామ్మ, "అన్నయ్యా, ఈసారి నీరు నిలిచేది కాదు, బియ్యం అటకెక్కించండి" అన్నది. తాతగారు సందేహించిరి. మరునాటి రాత్రి గట్టునకు గండి పడెను. మేము అటకమీద ఒదిగి కూర్చుండగా, ఆమె నడుములోతు నీటిలో సాలకు పోయి, కత్తిపీటతో పశువుల తలుగులు కోసి విడిచి, పాలు మరువని దూడను భుజమున వేసికొని వచ్చినది. అటకమీద ఆ దూడ మా ప్రక్కన పండుకొనెను. ఆ రాత్రి మాకు భయముకంటె వేడుకయే హెచ్చుగా నుండెనని చెప్పుటకు సిగ్గగుచున్నది.

నీరు తీసిన పిమ్మట ఆమె సాలగోడపై నీటిమట్టమున్న చోట మేకుతో ఒక గీత గీచినది. దానికి జానెడు క్రిందుగా పాతగీత యొకటి యుండెను. మేము మేకు పుచ్చుకొని క్రొత్తగీత ప్రక్కన 1986 అని చెక్కితిమి.

"ఏమిటి నాయనా అది?"

"సంవత్సరం, చిన్నమామ్మా."

"అయితే దీని ప్రక్కన కూడా వేయి. మీ నాన్నకు అక్షరాభ్యాసం చేసిన ఏడు వచ్చిన వరద."

తాతగారు లెక్కచూచి 1953 అని చెప్పగా అదియును చెక్కితిమి. ఆమె అంకెలపై వ్రేలు పోనిచ్చి చూచి, "ఇంతేనా!" అన్నది.

ఆ దినములలో మేము వీథియరుగు స్తంభములకు పాఠములు చెప్పుచుంటిమి. బెత్తము పుచ్చుకొని ఆరు స్తంభములకును గుణింతములు వల్లె వేయించి, పలుకనివానిని కొట్టెడివారము. చిన్నమామ్మ ఆ యరుగుమీదనే కూర్చుండి చింతపండు గింజలు తీయుచు వినుచుండెడిది. పంతులు కుమారులము, పురాణము చెప్పువారి మనుమలము. మ్రానికి చదువు చెప్పితిమి గాని మనిషికి చెప్పవలెనని తోచలేదు.

అంతకంటె హీనమైన పని 1991లో చేసితిమి. ఏడవ తరగతి పరీక్షకు పొరుగూరు పోవలసి యుండెను. అమ్మ బొట్టు పెట్టి దీవించెను. వాకిట అడుగుపెట్టగానే చిన్నమామ్మ పాలచెంబుతో సందులోనుండి ఎదురు వచ్చినది. ఎవరును మాతో ఒక్క మాట యనలేదు. మాయంతట మేమే వెనుదిరిగి, కాళ్ళు కడిగికొని, మంచినీళ్ళు త్రాగి, కొంతసేపు కూర్చుండి మరల బయలుదేరితిమి. ఆమె చూచినది. సాయంకాలము మేము వచ్చునప్పటికి, "బాగా రాశావా?" అని అడిగి, జున్ను పెట్టినది. మరునాడు మొదలు పరీక్షలు ముగియువరకు మేము వీథి మలుపు తిరుగుదాక ఆమె సాల వెలుపలికి రాలేదు. మాకు మొదటి మార్కు వచ్చినది. అందరికంటె సంతోషించినది ఆమెయే.

ఎన్ని సభలలో సంఘసంస్కారమును గూర్చి మాటలాడితిమో లెక్కలేదు. మాటలాడుచుండగా ఆ పాలచెంబు కన్నుల కగుపడి నాలుక తడబడిన సందర్భములును గలవు. క్షమింపుమని అడుగుటకు పదునెనిమిదేండ్ల గడువుండెను, ఎప్పటికప్పుడు రేపనుకొంటిమి.

2005లో మాకు వివాహమైనది. పెండ్లికి తరలునప్పుడు మొదటి అక్షతలు చిన్నమామ్మ వేయవలెనని పట్టుబట్టితిమి. తాతగారు లేరు, నాన్నగారు సరే యనిరి. ఇల్లంతయు వెదకగా సాలలో గాడి వెనుక కూర్చుండి యున్నది. చేయి పట్టుకొంటిమి. "వద్దు నాయనా, శుభమా అని వెళ్తున్నావు. ఇక్కణ్ణుంచే దీవిస్తాను, వెళ్ళు" అన్నది. బ్రతిమాలితిమి, కోపించితిమి. ఆమె చేయి విడిపించుకొన్నది. బయట బండివారు తొందర పెట్టుచుండిరి. ఎనుబదిరెండేండ్ల యామెను ఎత్తుకొని పోలేము గదా! మేమే సాల నేలపై సాగిలపడి లేచి పోతిమి. మా వీపున ఆమె చేయి పడినట్లు తోచినది. పడినదో లేదో తెలియదు.

ఆమె పోయిన దినవారములలో, పశువులు లేని ఆ సాలను ఊడ్పించుచుంటిమి. గాడి వెనుక, ఆనా డామె కూర్చున్న చోట, గోడకు మూరెడెత్తున మేకుగీతలు కనబడెను. మొదట పిచ్చిగీతలనుకొంటిమి. లాంతరు తెప్పించి చూచితిమి. 1953 అను అంకెలు మీది వరుసలో పెద్దవిగా, వంకరగా. క్రిందివరుసలో కొంత కుదురుగా. దాని క్రింద మరికొంత కుదురుగా, పది పదునైదు మారులు గీయబడి యున్నవి. ఒకటి, తొమ్మిది, మూడు చక్కగా వచ్చినవి. ఐదు మాత్రము కడవరుసవరకును కుదరలేదు.