పొగగొట్టం లేని ఇల్లు

ఇంగ్లండు వెళ్ళొచ్చినవాళ్ళు రాజుల కోటల గురించి చెబుతారు. నేను ఓ రైతు ఇంటి గురించి చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

ససెక్స్‌లో సింగిల్టన్ అనే పల్లె దగ్గర పాత ఇళ్ళ మ్యూజియం ఉంది. మా చెల్లెలు తీసికెళ్ళింది. అక్కడి ‘బేలీఫ్’ పదిహేనో శతాబ్దం మొదట్లో కట్టిన ఇల్లు. అంతా ఓక్ దూలాలు, స్తంభాలు. కీళ్ళకు కొయ్య చీలలే. పచ్చి కర్రనే చెక్కి బిగించేవారట. ఎండేకొద్దీ కీలు ఇంకా బిగుస్తుంది. ఇక గోడల సంగతి వింటే నవ్వుతారు. తడిక అల్లి, మట్టీ గడ్డీ పేడా కలిపి మెత్తడమే! పేడ పేరెత్తితే ముక్కు మూసుకునే మా చెల్లెలి కూతురు “ఎంత క్యూట్‌గా ఉందో పెద్దమ్మా!” అంటూ ఆ గోడని నిమిరింది.

రెండు చివర్లా మేడ గదులున్నాయి, కింది గోడ దాటి ముందుకు పొడుచుకొచ్చి. నడుమ హాలుకి మాత్రం పై అంతస్తు లేదు. కప్పుదాకా ఖాళీ. నేల మధ్యన నెగడు. పొగగొట్టమన్న ఊసే లేదు. కిటికీలకు అద్దాలు లేవు, చెక్క తలుపులే. పొగ తన తీరికనిబట్టి పెంకుల సందుల్లోంచి పోవాల్సిందే. “ఏం హాయిగా బతికారండీ!” అన్నారు మా మరిదిగారు. ఊదుడుగొట్టం పట్టుకున్న మా అమ్మమ్మ ఎర్రటి కళ్ళు గుర్తొచ్చి నేను ఊరుకున్నాను. హాయి ఎవరికో ఆయన అడగలేదు మరి.

నిజానికి ఆ ఇల్లు అక్కడిది కాదు. కెంట్‌లో చిడింగ్‌స్టన్ దగ్గరిది. బౌ బీచ్ జలాశయం కోసం 1960ల చివర విప్పి, 1972లో ఇక్కడ నిలబెట్టారు. ఇంటిని విప్పడమేమిటంటారా? ఆనాటి వడ్రంగులు చట్రమంతా ముందు తమ దగ్గరే అమర్చి చూసుకుని, ఏ కొయ్య దేంట్లో దూరాలో గాట్లు పెట్టి, మళ్ళీ విప్పి తీసికెళ్ళి కట్టేవారు. విప్పడానికి వీలుగానే పుట్టిన ఇల్లన్నమాట.

పోయినేడు మా అమ్మ పుట్టిల్లు అమ్మేశారు. మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాల్ని ఎవరో హోటలువాళ్ళు లారీలో పట్టుకుపోయారు. ఏది ఏ మూలదో ఎవరూ గుర్తు పెట్టలేదు. అమ్మకి మాత్రం తెలుసు, తన ఎత్తు కొలిచి మేనమామ గీసిన గీత ఏ స్తంభం మీదుందో.

తిరిగొచ్చాక బేలీఫ్ ఫోటోలు చూపించాను. అమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

“ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలు ఎప్పుడైనా వచ్చి చూసుకుంటారుటే?” అంది.