మైనస్ 25216

15 జూన్ 2025, నాచారం

మనవరాలికి డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో సీటు ఖాయమైంది. ఉప్పల్‌లో డిగ్రీ కాలేజీ. బీఎస్సీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్. అల్లుడికి మనసులో వెలితి పోలేదు. ఎంసెట్ ర్యాంకు చూసినప్పటి నుంచీ అంతే. మేనేజ్‌మెంట్ సీటు కొనడం మా వల్ల కాదు.

"బీటెక్ లేకుండ ఐటీల ఎవరు తీసుకుంటరు మామా?" అన్నాడు. తీసుకుంటారు. విప్రో బీఎస్సీ, బీసీఏ పిల్లల్ని చేర్చుకుని, పని చేయిస్తూనే ఎంటెక్ చదివిస్తోంది. ఎంసీఏ కూడా 2020 నుంచి రెండేళ్లే. ఐసెట్ రాసి అటు వెళ్లొచ్చు. బీసీఏ అయితే ఇంకా మేలేమో అని మా అమ్మాయి మొదట్లో అడిగింది. నేను లెక్కలున్న బీఎస్సీయే కావాలని పట్టుబట్టాను. స్టాటిస్టిక్స్ రేపు డేటా పనికి పునాది. దాన్ని మాత్రం వదలొద్దన్నాను.

2 జూలై

మనవరాలితో పాటు ఉప్పల్ క్రాస్‌రోడ్డు దాకా బస్సులో వెళ్లాను. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి దానికి జీరో టికెట్, నాకు మామూలు టికెట్. నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది, స్తంభాలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి. దుమ్ముకి ముక్కు మూసుకుని స్కైవాక్ ఎక్కాం. బ్యాగులు తగిలించుకున్న కుర్రాళ్లు రాయదుర్గం మెట్రో కోసం పరుగెత్తుతున్నారు. "తాతా, కంప్యూటర్ అంటే అటే పోవాల్నా?" అంది.

దానికి చెప్పవలసింది ఇక్కడ కూడా రాసి పెడతాను. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచింది 1998లో. అంతకు దాదాపు ముప్పై ఏళ్ల ముందే, నేను పనిచేసిన ఈసీఐఎల్ టీడీసీ–12 తయారు చేసింది. పన్నెండు బిట్ల యంత్రం, మన దేశంలోనే రూపొంది అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో ఒకటి. నాచారం నుంచి మల్లాపూర్ మీదుగా వెళ్తే ఈసీఐఎల్ గేటు ఎంతో దూరం లేదు. ఆ సంస్థకు ప్రాణం పోసిన ఏ.ఎస్. రావుగారి పేరు పక్కనున్న కాలనీకి పెట్టుకున్నాం. బస్సులో రోజూ ఆ పేరు పలుకుతాం కానీ ఆయనెవరో పిల్లలకు చెప్పం. చెప్పాలి. మన ఊరికి కంప్యూటర్ హైటెక్ సిటీతో రాలేదు, అంతకు ముందే మన ఇళ్ల పక్కన తయారైంది.

28 జూలై

పేపర్లో టీసీఎస్ వార్త. సిబ్బందిలో రెండు శాతం, అంటే పన్నెండు వేల పైచిలుకు మందిని తీసేస్తారట. అమ్మాయి అన్నం కూడా సరిగ్గా తినలేదు. "దీని చదువు అయ్యేసరికి అసలు ఉద్యోగాలుంటయా నాయనా?" అని అడిగింది. మూడేళ్ల తర్వాతి సంగతి నేనెలా చెప్పను? ఈ మూడేళ్లలో ఏం నేర్చుకోవాలన్నది మాత్రం మన చేతిలో ఉంది. అదే అన్నాను.

17 ఆగస్టు

ఈ పుట తీరిగ్గా రాయాలి.

మొన్న ల్యాబ్‌లో సీ భాషలో ఫ్యాక్టోరియల్, అంటే ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా వరుసగా గుణించే ప్రోగ్రాం చేయించారట. సీనియర్ల రికార్డులో 5 ఇస్తే 120 అని ఉంది. క్లాసంతా అదే ఎక్కించుకుని సంతకం పెట్టించుకున్నారు. మా మనవరాలు మాత్రం తన వంతు రాగానే 8 ఇచ్చి చూసిందట. టర్బో సీ నీలం తెర మీద మైనస్ 25216 వచ్చింది. ఒక్కో సిస్టమ్ ముందు ఇద్దరు, ముగ్గురు. బెల్లు కొట్టేశారు, అడగడానికి వీలు కాలేదు. ఇంటికి రాగానే చెప్పులు విప్పకుండానే అడిగింది: "తాతా, అన్నీ గుణకారాలే కదా, మైనస్ ఎక్కడ్నుంచి వచ్చింది?"

నాకు ఎంత సంతోషమైందో! 1974లో నేను ఈసీఐఎల్‌లో టెక్నీషియన్‌గా చేరినప్పుడు మా విభాగం కొత్త యంత్రాల పనిలో ఉండేది. తర్వాత టీడీసీ–316 బోర్డులు పరీక్షించాను. అది పదహారు బిట్లది. ఆ పిల్ల చూసిన తెర వెనకాల ఉన్నదీ అదే పదహారు.

కాగితం తెమ్మన్నాను. పదహారు గళ్లు గీయించాను. మొదటి గడి ప్లస్సో మైనస్సో చెప్పడానికి పోతుంది. మిగిలిన పదిహేనింటిలో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320. పట్టదు. నా పాత స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకు తిరిగినట్టు, ఇదీ తిరుగుతుంది. కాకపోతే సున్నాకు కాదు, మైనస్ వైపు చివరికి. పదహారు గళ్లతో రాయగల సంఖ్యలు మొత్తం 65536. 40320లోంచి దాన్ని తీసెయ్యమన్నాను. తీసింది. మైనస్ 25216. కాసేపు కాగితం వైపే చూస్తూ కూర్చుంది.

"మరి ఫోన్ల కంపైలర్‌లో 40320 సరిగ్గానే వస్తుంది కదా?" అంది. అక్కడ ముప్పై రెండు బిట్లు. ఆపకుండా పెంచుతూ పొమ్మన్నాను. 12 దాకా బాగానే వచ్చింది. 13కి 1932053504 వచ్చింది. చేత్తో లెక్క కడితే 6227020800. ఈసారి మైనస్ లేదు. అంకె పెద్దగా, నిజంలాగే ఉంది. ఆ రాత్రి దానికి నేర్పాలనుకున్నది ఇదే. మైనస్ ఉంటే కళ్లకు తప్పు కనబడుతుంది, ఇలా వచ్చినప్పుడు కనబడదు. 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియన్–5 రాకెట్ ఎగిరి నిమిషమైనా కాకముందే పేలిపోయింది. పదహారు బిట్లలో పట్టని అంకెను అందులో ఇరికించబోవడమే కారణం. పెద్ద పెద్ద ఇంజినీర్లు రాసిన ప్రోగ్రామే అది.

ఇప్పుడు చాట్‌జీపీటీని అడిగితే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం క్షణంలో రాసిస్తుంది, మైనస్ ఎందుకొచ్చిందో కూడా చెబుతుంది. మంచిదే, వాడుకోనీ. కానీ 8 ఇచ్చి చూద్దామన్న బుద్ధి ముందు మనిషికే పుట్టాలి. వచ్చిన జవాబును అనుమానించగలిగే మనిషికే రేపు జీతం ఇస్తారని నేను గట్టిగా నమ్ముతున్నాను. రికార్డు చూసి రికార్డు రాసే చదువు ఆ గుణాన్ని చంపేస్తుంది.

7 సెప్టెంబర్

అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సులో చేర్పిద్దామంటున్నాడు అల్లుడు. ఆ కోచింగ్ సెంటర్లను తక్కువ చేసి మాట్లాడను. ఊళ్ల నుంచి వచ్చి అక్కడ నేర్చుకుని బతికినవాళ్లు వేలల్లో ఉన్నారు. కానీ మొదటి సెమిస్టర్‌లోనే వద్దు. లూపు చేత్తో నడపడం, అరే, పాయింటర్, తర్వాత డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్. ఇవి కుదురుకున్నాక మూడో ఏడు వెళ్తే రెండు నెలల్లో అందుకుంటుంది. ఆ ఫీజు డబ్బుతో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొందామన్నాను. అమ్మాయి నా వైపే నిలబడింది.

12 అక్టోబర్

ల్యాప్‌టాప్ వచ్చింది. రాత్రి పక్క వాటా పిల్లలు ఇద్దరు కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. ప్రతి ప్రోగ్రాం ముందు కాగితం మీద నడిపి, జవాబు ఊహించి రాసి, ఆ తర్వాతే రన్ కొట్టాలని నియమం పెట్టాను. కోప్పడ్డారు కానీ చేస్తున్నారు.

అందరి ఇళ్లలో ల్యాప్‌టాప్ ఉండదు. కాలేజీలో సిస్టమ్స్ ఉన్నాయి, సాయంత్రం నాలుగింటికి గదికి తాళం పడుతోంది. ఆరు దాకా తెరిచి ఉంచమని, రికార్డు మార్కుల్లో కొన్ని సొంతంగా ఇచ్చి చూసిన ఇన్‌పుట్‌లకు ఇవ్వమని ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం రాశాను. పేరెంట్స్ మీటింగ్ రోజు అల్లుడికి షిఫ్టు ఉంది. నేనే వెళ్తాను.