నాలుగు స్క్రూల గిటారు

చవక కిట్టు పెట్టె విప్పితే మొదట చేతికి తగిలేది రంగు లేని చెక్క దిమ్మ. అందులో పికప్‌లకూ వైర్లకూ ముందే తొలిచి ఉంచిన గుంటలు. పక్కన పొడవాటి నెక్, దాని మీద వరసగా దిగ్గొట్టిన లోహపు కమ్మీలు, అంటే ఫ్రెట్లు. చిన్న చిన్న ప్లాస్టిక్ సంచుల్లో ఆరు ట్యూనింగ్ కీలు, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్, స్విచ్, తిప్పే గుండీలు, స్క్రూలు, ఒక సెట్టు తీగలు. జర్మనీలోని థోమన్ దుకాణం హార్లీ బెంటన్ పేరుతో అమ్మే ఇలాంటి కిట్లు వంద యూరోల చుట్టుపక్కల దొరుకుతాయి. అదే ఆకారంలో ఫెండర్ కంపెనీ అమెరికాలో తయారుచేసే టెలికాస్టర్‌కు వెయ్యి డాలర్లు దాటి పెట్టాలి. మధ్యలో ఉన్న ఆ డబ్బంతా దేనికన్నది కిట్టు కట్టేవారికి స్క్రూడ్రైవరు చేతపట్టాక కొద్దికొద్దిగా తెలిసివస్తుంది.

అసలు గిటారును విడిభాగాలుగా పెట్టెలో పెట్టి అమ్మే వీలు కలిగించింది లియో ఫెండర్. కాలిఫోర్నియాలోని ఫులర్టన్ ఊళ్లో రేడియోలు బాగుచేసే షాపు నడిపినవాడు. గిటారు వాయించడం ఆయనకు రాదు. అంతకుముందు మంచి గిటార్లకు చాలావరకు నెక్‌ను బాడీలోకి జిగురుతో అతికించేవారు. నెక్ వంకరపోయిందంటే వాద్యం మొత్తం పనితనం తెలిసిన మనిషి దగ్గరికి వెళ్లాల్సిందే. ఫెండర్ మెకానిక్ బుర్రతో ఆలోచించాడు. పాడైన భాగం ఊడి రావాలి, దాని స్థానంలో కొత్తది కూర్చోవాలి. 1950లో బ్రాడ్‌కాస్టర్‌గా వచ్చి, 1951లో టెలికాస్టర్‌గా పేరు మార్చుకున్న ఆయన గిటారులో నెక్‌ను బాడీకి పట్టి ఉంచేవి వెనక నుంచి బిగించిన నాలుగు స్క్రూలే. ఇవాళ్టి చవక కిట్టు ఆ నాలుగు స్క్రూల మీదే నిలబడి ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ చరిత్రలో ఇంతకంటే ఉదారమైన ఆలోచన ఇంకొకటి లేదనిపిస్తుంది. వాద్యం లోపలి కీలకాన్ని అది మామూలు మనిషి చేతికి అందించింది.

కిట్టులో అతి కష్టమైన పని ఒకటి ముందే అయిపోయి ఉంటుంది. అది ఫ్రెట్ల మధ్య దూరం. టెలికాస్టర్ తరహా గిటారులో మోగే తీగ పొడవు దాదాపు 648 మి.మీ. దాన్ని 17.817తో భాగిస్తే సుమారు 36 మి.మీ. వస్తుంది. నెక్ తల దగ్గర తీగలు ఆనే చిన్న ముక్క నట్. అక్కడి నుంచి మొదటి ఫ్రెట్ అంత దూరంలో ఉండాలి. మిగిలిన పొడవును మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే రెండో ఫ్రెట్. అలా పోగా పోగా పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగం దగ్గర, 324 మి.మీ. వద్ద పడుతుంది. అక్కడ నొక్కితే తీగ పై స్థాయి స్వరం పలుకుతుంది. ఇందులో పొరపాటు జరిగితే చెవి పట్టేస్తుంది. ఒకప్పుడు రంపం పట్టి ఒక్కో గాడిని కోసిన చోట ఇప్పుడు కంప్యూటర్ నడిపే యంత్రం కోస్తుంది. దానికి చవక నెక్ అయినా ఖరీదైన నెక్ అయినా ఒకటే.

అంటే యంత్రం చేయగలిగిందంతా చేసి పంపిస్తారు. చేత్తో, నిదానంగా, ఒక్కో వాద్యానికీ విడిగా చేయాల్సినదాన్ని వదిలేస్తారు. ధర తగ్గింది అక్కడే.

మొదటి పని చెక్కది. ఉప్పుకాగితం 120 నంబరుతో మొదలుపెట్టి 220, ఆపైన 320 దాకా, చెక్క ఈనె నడిచిన దిక్కుకే రుద్దాలి. అడ్డంగా రుద్దిన గీత రంగు వేశాకే బయటపడుతుంది. ముక్కలు అతికించిన చోట జిగురు మరక మిగిలితే అక్కడ రంగు దిగదు. కొన్ని కిట్లలో నెక్ తల భాగాన్ని వెడల్పు పలకలాగే వదిలేస్తారు. నచ్చిన ఆకారం గీసుకుని రంపంతో కోసుకోవడం కట్టేవారి ఇష్టం. రంగు సంగతికొస్తే, అరవైల నాటి ఫెండర్ గిటార్ల మీద జనం ముచ్చటపడే ఎరుపులూ నీలాలూ చాలావరకు అమెరికన్ కార్లకు వేసిన రంగులే. కాబట్టి కార్లకు స్ప్రే కొట్టే షెడ్డులో గిటారు బాడీకి రంగు వేయించుకున్నవారు ఫెండర్ దారిలోనే నడిచినట్టు. చెక్క అందం కనబడాలనుకునేవారు స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో పూతలు పూతలుగా పట్టిస్తారు. ఏ చెక్క అయితే మంచి శబ్దం వస్తుందన్న వాదం గిటారు లోకంలో తెగేది కాదు. మొదటిసారి కట్టేవారు దానిలోకి దిగకుండా ఆ సమయాన్ని ఉప్పుకాగితానికి ఇవ్వడం మేలు.

నెక్ బిగించే ముందు రెండు దారాలు కావాలి. నట్ దగ్గర రెండు చివరి తీగల గాడుల నుంచి బ్రిడ్జ్ దాకా వాటిని లాగి పట్టుకుంటే, నెక్ అంచులకూ దారాలకూ మధ్య ఖాళీ రెండు వైపులా సమానంగా కనిపించాలి. ఒక పక్కకు పోతే ఆ పక్క తీగ వాయిస్తుండగా అంచు దాటి జారుతుంది. బ్రిడ్జ్‌కు బెజ్జాలు ముందే వేసి లేకపోతే కొలత మరింత జాగ్రత్తగా తీసుకోవాలి. నట్ నుంచి పన్నెండో ఫ్రెట్‌కు ఎంత దూరమో, పన్నెండో ఫ్రెట్ నుంచి బ్రిడ్జ్ మీద తీగ ఆనే చోటుకు దాదాపు అంతే ఉండాలి.

వైరింగ్ చూసి చాలామంది జంకుతారు కానీ, పనులన్నిటిలో తేలికైనది అదే. అయస్కాంతాల చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగను వేల చుట్లు చుడితే పికప్. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం కదులుతుంది, చుట్టలో కరెంటు పుడుతుంది. నైలాన్ తీగలు వేస్తే ఈ గిటారు ఆంప్‌లోంచి, అంటే ఆంప్లిఫయర్‌లోంచి, పలకనిది అందుకే. పికప్ నుంచి స్విచ్‌కు, స్విచ్ నుంచి వాల్యూమ్ గుండీకి, అక్కడి నుంచి జాక్‌కు కొన్ని టంకాలు వేస్తే సరి. మరిచిపోకూడని వైరు ఒకటుంది, బ్రిడ్జ్ కిందికి పోయే ఎర్త్ వైరు. అది లేకపోతే ఆంప్‌లో ఝుమ్మనే శబ్దం తీగల మీద చెయ్యి వేసినా తగ్గదు.

తీగలు ఎక్కించి శ్రుతి చేశాక అసలు పని మొదలవుతుంది. ఆరు తీగలూ కలిసి నెక్‌ను సుమారు నలభై కిలోల బలంతో లాగుతాయి. దానికి ఎదురు నిలిచేందుకు నెక్ లోపల ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్నే ట్రస్ రాడ్ అంటారు. కడ్డీ చివర ఉన్న నట్టును ప్రత్యేక రెంచితో పావు చుట్టు తిప్పి, ఆగి, చూసి, మళ్లీ తిప్పాలి. నెక్ పూర్తిగా తిన్నగా ఉండకూడదు. కంపించే తీగకు చోటు కావాలి కనుక పావు మిల్లీమీటరు లోతు వంపు ఉంచుతారు. మోటారు మెకానిక్‌లు ప్లగ్ గ్యాప్ చూసే ఫీలర్ గేజ్ ఇక్కడ అక్కరకొస్తుంది.

తరువాత ఫ్రెట్లు. ఇరవై పైచిలుకు లోహపు కమ్మీల్లో ఒక్కటి తలెత్తి ఉన్నా, దాని వెనక ఫ్రెట్‌లో నొక్కిన స్వరం గరగరమంటుంది, లేదా అసలు పలకదు. తీగలు తీసేసి, ప్రతి ఫ్రెట్ నెత్తి మీదా మార్కర్‌తో ఇంకు పూసి, తిన్నని కడ్డీకి ఉప్పుకాగితం అతికించి నెక్ పొడవునా మెల్లగా నడపాలి. ఎత్తుగా ఉన్న ఫ్రెట్ల మీద ఇంకు మొదట పోతుంది. అన్నిటి మీదా సమానంగా చెరిగేదాకా ఆ పని సాగుతుంది. ఇప్పుడు నెత్తులు చదునుగా అయిపోయాయి కనుక ప్రత్యేకమైన ఆకురాయితో ఒక్కోదాన్నీ మళ్లీ గుండ్రంగా తీర్చాలి. చివరికి స్టీల్ ఊల్‌తో మెరుగు. అప్పుడు పికప్‌లను టేపుతో మూసేయాలి, లేదంటే ఆ ఉక్కు నలుసులు అయస్కాంతాలకు అంటుకుని ఓ పట్టాన వదలవు. ఒక సాయంత్రం మొత్తం దీనికే పోతుంది. పెద్ద కంపెనీల ఖరీదైన గిటారులో కొనేవారు చెల్లించేది చాలావరకు ఈ సాయంత్రానికే.

నట్ ఇంకా చిన్నది, ఇంకా ముఖ్యమైనది. వేలెడంత లేని ఎముక ముక్కో ప్లాస్టిక్ ముక్కో. దాని గాడులు లోతు చాలకపోతే మొదటి ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తుగా నిలుస్తుంది. నొక్కడానికి బలం కావాలి, నొక్కినా స్వరం హెచ్చుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలు ముందు పట్టుకునే కార్డులన్నీ (కలిపి మోగించే స్వరాలు) మొదటి మూడు ఫ్రెట్లలోనే ఉంటాయి. వేళ్లు నొప్పిపుట్టి, ఎంత వాయించినా అపశ్రుతే పలికి, గిటారు తనకు రాదని మానుకున్న పిల్లల్లో ఎందరి విషయంలో తప్పు వేళ్లలో కాక నట్ గాడిలో ఉండి ఉంటుందో! సన్నని ఆకురాయితో రెండు మూడు రాపిళ్లు చాలేవి.

చేతిపని ఎంత దూరం తీసుకెళ్లగలదో చూపినవాడు క్వీన్ రాక్ బృందం గిటారిస్టు బ్రయన్ మే. 1963లో లండన్‌లో పదహారేళ్ల ఆ కుర్రాడికి ఫెండర్ కొనే స్తోమత లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఇద్దరూ కలిసి దాదాపు రెండేళ్లు పనిచేశారు. పాత పొయ్యిగూడు మీది మహాగని చెక్కతో నెక్ చెక్కారు. పురుగు తొలిచిన బెజ్జాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. స్వరాన్ని ఊపే ట్రెమొలోకు మోటారుసైకిల్ వాల్వు స్ప్రింగులు, దాని పిడి చివరకు అమ్మ అల్లికసూది, ఫ్రెట్ల మధ్య చుక్కలకు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు వాడారు. మొత్తం ఖర్చు ఎనిమిది పౌండ్లు. పికప్‌లు మాత్రం సొంతంగా చుట్టినవి సంతృప్తినివ్వక, చివరికి బర్న్స్ కంపెనీవి కొన్నారు. క్వీన్ బృందం పాటల్లో చాలావరకు వినిపించేది రెడ్ స్పెషల్ అని పేరుపడ్డ ఆ గిటారే. 2002 జూన్‌లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి ఆయన వాయించిందీ దాన్నే.

వాద్యాన్ని ఇలా చెవితో, చేతితో సరిదిద్దే విద్య తెలుగునాట పాతదే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగతో వీణ చేసే కళాకారులు ఇరవై నాలుగు మెట్లను మైనంలో కూరుస్తారు. ఒక్కో మెట్టునూ తీగ మీటి వింటూ జరిపి నిలుపుతారు. ఏళ్లు గడిచి మైనం పాడైతే మళ్లీ కూర్చవచ్చు. గిటారు ఫ్రెట్‌కు ఆ వెసులుబాటు లేదు. గాడిలో దిగ్గొట్టిన చోటే దాని జీవితం. అందుకే గిటారు పనివాడు తన శ్రమనంతా ఎత్తు మీద పెడతాడు.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్‌నూ ఇక్కడ తలుచుకోవాలి. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు కర్ణాటక సంగీతానికి ఎంచుకున్నది మాండొలిన్. మామూలు మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలు, మీటగానే ఆగిపోయే నాదం. రెండు తీగలను కలిపి లాగుతూ గమకం పలికించడం కష్టం. ఆయన వాయించినది పికప్ ఉన్న ఎలక్ట్రిక్ మాండొలిన్, దానికి ఐదు ఒంటి తీగలు. నాదం నిలిచింది, గమకానికి చోటు దొరికింది. వాద్యాన్ని దొరికినట్టే వాడితీరాలన్న నియమం లేదనడానికి ఇంత గొప్ప ఉదాహరణ తెలుగువారికి మరొకటి అక్కర్లేదు.

కిట్టు కట్టినవారికి మిగిలేది చివరి సవరణ. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తేలిగ్గా తాకి మీటితే ఒక స్వరం వస్తుంది. అక్కడే గట్టిగా నొక్కి మీటితే అదే స్వరం రావాలి. హెచ్చుగా వస్తే బ్రిడ్జ్ మీద ఆ తీగ ఆనే సాడిల్‌ను వెనక్కి, తగ్గుగా వస్తే ముందుకు జరపాలి. నొక్కినప్పుడు తీగ కొంచెం సాగుతుంది కాబట్టి సాడిళ్లు సరళరేఖలో నిలవవు, లావు తీగలవి సాధారణంగా కాస్త వెనక్కి పోతాయి. కొత్త నెక్ కొన్ని వారాలపాటు సర్దుకుంటూనే ఉంటుంది. విశాఖ, కాకినాడల్లాంటి తేమ ఊళ్లలో వానాకాలం మొదలైనప్పుడొకసారి, ఎండలు ముదిరినప్పుడొకసారి వంపు చూసుకోవడం మంచిది. చేతిలో ఇంకొంచెం డబ్బుంటే ముందుగా మార్చాల్సింది ట్యూనింగ్ కీలు. చవక కీల పళ్ల మధ్య సందు వల్ల శ్రుతి నిలవదు. పికప్‌లు ఆ తరువాత. బాడీని, నెక్‌ను మార్చే అవసరం చాలా ఏళ్లు రాదు. వచ్చిందా, వెనక నాలుగు స్క్రూలు విప్పితే చాలు.