పన్ను పోయిన చోటు

ఇంటిల్లిపాది యారోగ్యమును కనిపెట్టు మనము మన పంటినొప్పిని మాత్రము లవంగముతో మఱపింప జూతుము. మేమును అట్లే చేసితిమి. తుదకు క్రింది దవడపన్ను తీయించుకొని, ఆ ఖాళీని మూడేండ్లు లక్ష్యపెట్టమైతిమి. పన్ను లేనిచోట ఎముక క్రమముగా క్షీణించునని యెఱుగము.

ఈ యేడు కట్టుడుపన్ను కొఱకు విశాఖపట్టణమున నొక వైద్యురాలి యొద్దకు పోతిమి. 1965లో స్వీడను దేశపు బ్రోనెమార్కుగారు మొదట మనుష్యుని దవడలో నిలిపిన టైటానియము మరమేకునే ఆమె నిలుపవలెననిరి. కాని దానికి చాలిన యెముక లేదనియు, దవడ వెనుకభాగమునుండి కొంత తీసి యతుకవలయుననియు చెప్పిరి.

ఇది రెండు విధములు. చిగుళ్లు విప్పి, కన్నులార చూచి, చేతినేర్పుతో కోసి అమర్చుట యొకటి. కంప్యూటరుపై ముందుగనే కోతను నిర్ణయించి, ఆ కొలతల ప్రకారము అచ్చువేసిన తొడుగును పండ్లపై నుంచి, దాని గాడి వెంబడి కోయుట రెండవది.

క్రింది దవడలో నొక నరము పోవుచున్నది. దానికి దెబ్బ తగిలినచో పెదవి మొద్దుబారవచ్చునట! ప్రతిసాయంకాలము పిల్లలకు భాగవతపద్యములు చదివి వినిపించు మాకు పెదవియే ధనము. కావున తొడుగే కావలెనంటిమి. ఖర్చు విని, బడిపంతులైన మావారు మౌనము వహించిరి.

వైద్యురాలు నవ్వి, “అమ్మా! తొడుగు రవంత కదలినను కోత తప్పును. అది చూపును కప్పును. చల్లార్చు నీటిని అడ్డగించును. వేడెక్కిన యెముక చచ్చును. సి.బి.సి.టి. ఛాయాచిత్రము మాత్రము రెండింటికిని ముఖ్యము” అనిరి.

మరలివచ్చుచు, డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కనుండి యోడ యొకటి రేవు చొచ్చుట చూచితిమి. 1933లో తెరచిన రేవిది. పెద్దయోడలో పటములెన్ని యున్నను, ఇచ్చటి నీటి నెఱిగిన పైలటు ఎక్కవలసినదే. పటము త్రోవ చూపును. నడుపువాడు వేఱుండవలెను గదా!

మఱునాడు, “మా నరమెంత దూరము?” అని యడిగితిమి. ఆమె ఛాయాచిత్రమున చూపిరి. కోతకు తగినంత దూరముననే యున్నది. చేతితోనే చేయుడంటిమి. వారముదినములు చెంప వాచినది. అయిదు మాసములకు ఎముక అతికినది. పద్యపఠనము నిరాటంకముగ సాగుచున్నది.

నరము దగ్గఱగా నున్నవారికి తొడుగు వెలకు తగిన మేలు చేయవచ్చును. సోదరీమణులారా, యంత్రమేదని యడుగుటకు ముందు మీ నరమెచ్చటనో, వైద్యుల యనుభవమెంతయో యడుగుడు. అంతకన్న ముందు, పన్ను పోయిన చోటును మావలె మఱవకుడు.