వెనుదిరిగిన చూపు

మొన్న మావారు బడినుండి పాశ్చాత్య చిత్రముల సంపుట మొకటి తెచ్చిరి. ఫ్రాన్సు దేశీయుడగు ఆంత్వాన్ వాతో 1717లో వ్రాసిన "సిథేరా ద్వీపయాత్ర" యను చిత్రమందున్నది. మూలచిత్రము పారిస్ నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలలో గలదు.

పట్టువస్త్రములు దాల్చిన కులీన స్త్రీపురుషులు జంటలుగా గుట్ట దిగుచున్నారు. దిగువను బంగారు పడవ. దానిచుట్టు నెగురు మన్మథబాలకులు. అవతల మంచు గ్రమ్మిన కొండలు. పనిపాటులు లేనివారి వినోదము మనకేలయని పుట త్రిప్పబోతిని.

"సిథేరా ప్రేమదేవతయగు వీనసు ద్వీపము. వీరచటికి బయలుదేరుచున్నారు" అని మావారనిరి.

"వీనసు విగ్రహ మీ కుడిప్రక్కనే యున్నదిగదా! గులాబీదండలును వేసియున్నారు. పూజ ముగిసినది, వీరు తిరిగి పోవుచున్నా"రంటిని.

1961లో మైకేల్ లీవీ యను ఆంగ్ల విమర్శకుడును ఇట్లే వాదించెనట. ఒప్పుకొనని పండితులును గలరు. యాత్రయన్నచో పోకయు రాకయు రెండును గలవు.

నాకు సాక్ష్యము విగ్రహముకంటె మూడు జంటలు. మొదటి వనిత కూర్చుండియే యున్నది. మన్మథబాలకు డామె చెరగు లాగుచున్నాడు. శాకుంతలము చదివినవారికి లేడిపిల్ల గుర్తునకు వచ్చును. అది ఆపుటకై లాగినది. వీడు కదల్చుటకై లాగుచున్నాడు. రెండవ వనితను ప్రియుడు చేతులు పట్టి లేపుచున్నాడు. మూడవయామె నడుముపై చేయివైచి ప్రియుడు ముందునకు నడిపించుచుండ, ఆమె ఆగి, కూర్చున్న వారివంక వెనుదిరిగి చూచుచున్నది. క్షయరోగపీడితుడై 36వ యేట, 1721లో, మరణించిన యా చిత్రకారుడు వేడుకను వ్రాయుచునే వీడ్కోలును వ్రాసెనని నాకు తోచినది.

ఆ చూపు నన్ను కదిలించుటకు కారణము వేరొకటి కలదు. మా పుట్టినిల్లు గోదావరి కావలియొడ్డున నున్నది. రెండేండ్ల క్రిందట నేను బయలుదేరునాడు అమ్మ రేవువరకు వచ్చినది. నా కన్నీ రామె చూచునని భయపడి, తల త్రిప్పకయే పడవ నెక్కితిని. ఆ కార్తికముననే అమ్మ పోయినది. ఆమె యెంతసేపు నిలిచెనో, చేయి యూపెనో లేదో, నే నెరుగను.

ఈ మాట చెప్పగా మావారు మరి వాదింపలేదు. సంపుటమును మూయకుండ నా యొద్దనే యుంచిరి.

పుట్టినింటినుండి మరలివచ్చు సోదరీమణులారా! కన్నీరు వచ్చిన రానిండు. ఒక్కమారు వెనుదిరిగి చూడుడు.